బొంతలు కుట్టడానికి లాంగ్ ఆర్మ్ మిషను: ఇంట్లోకి ఏది కొనాలి, ఎంతలో ఆగాలి

తిరుపతిలోనో చిత్తూరులోనో మిషన్ల దుకాణానికి వెళ్లి "లాంగ్ ఆర్మ్ ఉందా?" అని అడిగితే చాలాసార్లు టార్పాలిన్లు, షామియానాలు, లారీ సీట్లు కుట్టే మిషను దగ్గరికి తీసుకెళ్తారు. దాని చేయీ పొడుగే, 30 అంగుళాల దాకా ఉంటుంది. క్విల్టింగ్, అంటే పొరలను కలిపి డిజైనుగా కుట్టే పని, చేసేవాళ్లు లాంగ్ ఆర్మ్ అనేది దాన్ని కాదు. టార్పాలిన్ మిషనులో ఫుట్ గుడ్డను గట్టిగా నొక్కుతుంది, కింద పళ్లూ పైన ఫుట్టూ కలిసి గుడ్డను వెనక్కి లాక్కుపోతాయి. క్విల్టింగ్ లాంగ్ ఆర్మ్‌లో పళ్లే ఉండవు. ఫుట్ ప్రతి కుట్టుకూ ఎగిరి దిగుతుంది. గుడ్డ కదలాలన్నా మిషను కదలాలన్నా మన చేతులే కదపాలి.

కాబట్టి దుకాణంలో మొదట చూడాల్సింది సూది పలక కింద. పళ్లు కనబడితే అది గుడ్డను తనే తోసే మిషను. తిన్నగా పోతుంది, తిప్పితే మొరాయిస్తుంది. పళ్లు లేకపోతే, లేదా మీటతో కిందికి దించగలిగితే, ఆ మిషనుతో ఎటు కావాలంటే అటు గీయొచ్చు. ఈ రెంటిలో మీకు ఏది కావాలో తేలాకే ధర మాట.

ముందు మీ గీత ఏదో తేల్చుకోండి

మన ఇళ్లలో బొంతంటే పాత నూలు చీరలు నాలుగైదు పొరలుగా పరచి, నిలువునా వేలెడు దూరంలో గీతలు కుట్టడమే. ఐదున్నర మీటర్ల చీరను సగానికి కోస్తే 108 అంగుళాల ముక్కలు రెండు వస్తాయి. పక్కపక్కన కలిపి కుడితే వెడల్పు 90 దాటుతుంది. అంటే ఒక చీర డబుల్ మంచం బొంతకు సరిగ్గా ఒక పొర. ఐదు చీరలైతే ఐదు పొరలు. ఇందులో వంపు ఒక్కటీ లేదు. ఈ పనికి పళ్లున్న మిషనే మేలు. గీత తిన్నగా వస్తుంది, కుట్టు పొడవు మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా ఉంటుంది, నేర్చుకోవడానికి ఒక పూట చాలు.

శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డను పైపొరగా పెట్టి, బొమ్మ చుట్టూ, నెమలి తోక వెంట, తీగ వెంట కుట్టాలంటే కథ వేరు. గీత ప్రతి అంగుళానికీ తిరుగుతుంది. దీనికి పళ్లు దించిన మిషను, ఎగిరే ఫుట్ తప్పనిసరి. కలంకారీలో ఇంకో చిక్కు కూడా ఉంది. కరక్కాయ, పాలలో నానబెట్టి తయారుచేసిన గుడ్డ కాబట్టి నేత మూసుకుపోయి బిగుసుగా ఉంటుంది. తప్పు కుట్టి విప్పితే సూది బెజ్జాలు అలాగే కనబడతాయి. చేయి కుదరకముందు ఆ గుడ్డ జోలికి పోవద్దు. కుదిరాక కూడా 11 లేదా 12 నంబరు వాడిమొన సూదితోనే కుట్టండి.

నింపేది ఏమిటన్నదీ ఇప్పుడే తేల్చుకోవాలి. బూరుగు దూది, ఏకిన విడి పత్తి దూది మిషను కింద నిలవవు. ఫుట్ తోసేకొద్దీ ముందుకు జరిగి ఒకచోట గడ్డ కడతాయి, ఇంకోచోట ఖాళీ అవుతుంది. విడి దూది రజాయిని పరుపులు కుట్టేవాళ్ల పొడుగు సూదికే వదిలేయాలి. మిషనుకు షీటు రూపంలో వచ్చే కాటన్ లేదా పాలిస్టర్ వాడింగ్ కావాలి. మన ఎండలకు 100 నుంచి 150 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాములు) చాలు. 200 దాటితే కప్పుకునేవాళ్లకు ఉక్క, చుట్టి తోసే చేతికి బరువు.

ఆర్మ్ లోపలి ఖాళీ: కంపెనీ చెప్పే అంకె, చేతికి దక్కే అంకె

సూదికీ వెనకున్న స్తంభానికీ మధ్య దూరమే మిషను ధరను నిర్ణయిస్తుంది. ఇంట్లో ఉండే నల్ల ఉషా, సింగర్ మిషన్లలో ఇది ఆరూ ఏడు అంగుళాల మధ్య. క్విల్టింగ్ కోసం చేసిన చిన్న మిషన్లు, అంటే జూకీ టీఎల్-2010క్యూ, జానోమీ హెచ్‌డీ9 లాంటివి తొమ్మిది అంగుళాల దరిదాపుల్లో ఉంటాయి. గార్మెంట్ యూనిట్లలో వాడే పవర్ మిషను పది, పదకొండు. అసలు లాంగ్ ఆర్మ్ 15తో మొదలై 26 దాకా పోతుంది. హ్యాండీ క్విల్టర్ మాక్సీ 15, అదే కంపెనీ అమారా 20, ఫోర్టే 24. కూర్చుని కుట్టే రకాల్లో హ్యాండీ క్విల్టర్ స్వీట్ సిక్స్‌టీన్ 16, జూకీ టీఎల్-2200క్యూవీపీ మినీ 18.

ఈ అంకెలన్నీ ఖాళీ మిషనువి. బొంత పెట్టాక మిగిలేది వేరు. 90 అంగుళాల వెడల్పు బొంత నడిమధ్య గీత కుట్టేటప్పుడు సగం బొంత, అంటే 45 అంగుళాలు, చుట్టగా చుట్టి ఆర్మ్ లోపల దూర్చాలి. ఐదు పొరల చీరల బొంతయితే ఆ చుట్ట రెండున్నర అంగుళాలకు మించదు. నల్ల మిషనులో కూడా నెట్టుకురావచ్చు. ఎనిమిది మిల్లీమీటర్ల మందం వాడింగ్ పెట్టారా, చుట్ట నాలుగుంబావు అంగుళాలు. ఆరున్నరలో మిగిలేది రెండు. ఆ రెండంగుళాల్లో వంపు గీయడమంటే అగ్గిపెట్టెలో ముగ్గు వేయడమే.

బొంతను పైపులకు ఎక్కించి బిగించే ఫ్రేము మీది మిషనులో లెక్క ఇంకాస్త కఠినం. అక్కడ కుట్టిన భాగమంతా ఆర్మ్ లోపలే ఉన్న పైపు మీద చుట్టుకుంటూ పోతుంది. రెండంగుళాల పైపు మీద 90 అంగుళాల పొడవు, ఆరు మిల్లీమీటర్ల మందం రజాయి చుడితే చివరికి చుట్ట వ్యాసం ఐదున్నర అంగుళాలు దాటుతుంది. చీరల బొంతయితే మూడుంబావు. 15 అంగుళాల మిషనులో ఐదున్నర పోగా, ఫుట్ ముందూ వెనకా కొంత వదలగా, చివర్లో నికరంగా ఎనిమిది అంగుళాల పట్టీ దక్కుతుంది. అదే ఫ్రేము మీద తొమ్మిది అంగుళాల చిన్న మిషను పెడితే మిగిలేది రెండంగుళాలే. "మీ ఇంటి మిషనునే ఫ్రేము మీద పెట్టుకోండి, చవక" అని అమ్మే చిన్న ఫ్రేములతో వచ్చే తంటా అదే. పసిపిల్లల బొంత వరకు పనికొస్తాయి. పెద్ద బొంత సగానికొచ్చేసరికి ప్రతి రెండంగుళాలకూ క్లిప్పులు తీసి, చుట్టి, మళ్లీ బిగించాల్సి వస్తుంది. ఈ ఒక్కదాన్ని మాత్రం ఎవరికీ సిఫారసు చేయలేం.

ఉన్న మిషనుతో ఎంతదూరం

నెలకో బొంత, అదీ ఇంటికోసమే అయితే కొత్త మిషను అక్కర్లేదు. బొంతను ఒకే ముక్కగా కాకుండా 15, 18 అంగుళాల చదరాలుగా చేసుకోండి. ప్రతి చదరాన్నీ పైపొర, వాడింగ్, అడుగుపొరతో విడిగా కుట్టి, ఆఖర్న చదరాలను పట్టీలతో కలపండి. ఏ దశలోనూ ఆర్మ్ లోపల పెద్ద చుట్ట ఉండదు. దీనికి కావాల్సింది స్ప్రింగున్న క్విల్టింగ్ ఫుట్, కొన్ని వందల రూపాయల వస్తువు. పాత మిషనులో పళ్లు దిగకపోతే వాటిమీద కప్పే పలక దొరుకుతుంది. అదీ లేకపోతే కుట్టు పొడవు సున్నాకు పెట్టండి. పళ్లు ఆడతాయి గానీ గుడ్డను లాగవు.

సూది కొనేటప్పుడు పాత సూది వెంట తీసుకెళ్లండి. ఇంటి మిషన్లకు మొదలు ఒకవైపు చదునుగా ఉండే హెచ్‌ఏ×1 రకం, పవర్ మిషన్లకు గుండ్రటి డీబీ×1 రకం. ఒకటి ఇంకోదాంట్లో దూర్చినా కుట్టు పడదు. లాంగ్ ఆర్మ్ మిషన్లలో చాలావాటికి మూడో రకం, 134 సిస్టమ్ సూది. మామూలు మిషన్ల దుకాణంలో అది ఉండకపోవచ్చు. మిషనుతోపాటే రెండు మూడు డజన్లు తెప్పించుకోవడం మేలు.

పవర్ మిషను: చీరల బొంతకు దీన్ని మించింది లేదు

జాక్ అయినా బ్రదర్ అయినా మనవాళ్లు "జూకీ మిషను" అనే పిలుస్తారు. టేబులు, స్టాండు, మోటారుతో కలిపి 20 నుంచి 30 వేల మధ్య కొత్తది వస్తుంది. తిరుప్పూరు, బెంగళూరు గార్మెంట్ యూనిట్లలో వాడి తీసేసినవి ఇంకా తక్కువకే దొరుకుతాయి. ఇందులో చూడాల్సినవి నాలుగు.

మొదటిది మోటారు. పాత క్లచ్ మోటారు స్విచ్ వేసిన క్షణం నుంచి తిరుగుతూనే ఉంటుంది, తొక్కితే ఒక్కసారిగా దూకుతుంది. బొంతకు అది పనికిరాదు. సర్వో మోటారే తీసుకోండి. వేగం ఎంతలో ఉండాలో మీరే పెట్టుకోవచ్చు, తొక్కనప్పుడు నిశ్శబ్దం. నిమిషానికి ఐదు వేల కుట్లు వేయగల మిషనునైనా బొంతకు 1000–1500 దగ్గర కట్టేసి వాడాలి.

రెండోది రకం. షర్టులకు వాడే మామూలు హెడ్ (టేబులు, మోటారు కాకుండా మిషను ఒక్కటే), జీన్స్‌కు వాడే మందం గుడ్డల హెడ్ పక్కపక్కనే పెట్టి అమ్ముతారు, చూపుకు ఒకటే. బొంతకు రెండోదే, పేరు చివర సాధారణంగా హెచ్ అని ఉంటుంది. మోకాలితో ఫుట్ ఎత్తే మీట తప్పక ఉండాలి. చేత్తో ఎత్తితే ఐదారు మిల్లీమీటర్లే లేస్తుంది, మోకాలి మీటతో 13 దాకా లేస్తుంది. ఆ తేడా లేకపోతే బొంత అంచు ఫుట్ కిందికి దూరదు.

మూడోది పొరలు జరగడం. పళ్లు అడుగుపొరను లాగుతాయి, ఫుట్ పైపొరను ఆపుతుంది. 100 అంగుళాల గీత పూర్తయ్యేసరికి పైపొర ఒకటి రెండు అంగుళాలు ముందుకొచ్చి ముడత పడుతుంది. అన్ని గీతలూ ఒకే దిక్కున కుడితే బొంత మొత్తం ఐమూలగా ఏటవాలుతుంది. విరుగుడు: నడిమధ్య గీతతో మొదలుపెట్టి రెండువైపులకూ పోవాలి, జానెడు దూరంలో కచ్చా కుట్టు వేసుకోవాలి, ఫుట్ ఒత్తిడి తగ్గించాలి. రోజూ ఇదే పనయితే వాకింగ్ ఫుట్ మిషను కొనడం మంచిది. మొదట్లో చెప్పిన టార్పాలిన్ మిషను ఇక్కడ అక్కరకొస్తుంది. పైనా కిందా ఒకేసారి లాగుతుంది కాబట్టి పొరలు జరగవు, పొడుగు చేయి ఉంది కాబట్టి సగం బొంత హాయిగా లోపలికి పోతుంది. బరువెక్కువ, మోత ఎక్కువ. పైన అద్దెకున్నవాళ్లతో, కింద ఇంటివాళ్లతో మాట రాకుండా చూసుకోవాలి, అంతే.

నాలుగోది నూనె. పవర్ మిషను అడుగున నూనె తొట్టి ఉంటుంది. వారం రోజులు వాడకుండా మొదలుపెడితే సూది కడ్డీ వెంట దిగిన నూనె మొదటి జానెడు గీతలోనే మరక చేస్తుంది. తెల్ల దుప్పటి పెట్టేముందు పాత గుడ్డ మీద రెండు నిమిషాలు నడపండి. పైభాగానికి నూనె అవసరం లేని డ్రై హెడ్ రకాలున్నాయి. లేతరంగు గుడ్డలు ఎక్కువగా కుట్టేవాళ్లు కొంచెం ఎక్కువ పెట్టి అవి తీసుకోవడం నయం.

ఒక పొరపాటు మిషనుది కాదు, మనది. ఐదు చీరల నడి అతుకులూ ఒకే గీత మీద పడితే అక్కడ అతుకు మడతలతో కలిపి 15 పొరలవుతాయి. ఆ చోట సూది వంగుతుంది, కుట్టు జంప్ కొడుతుంది. ఒక్కో చీర అతుకును ఒకదానికొకటి రెండంగుళాలు పక్కకు జరపండి. జరీ అంచు ఉంటే ముందే కోసేయండి. లోహపు జరీ రెండు మూడు గీతల్లోనే సూది మొన అరగదీస్తుంది, ఆపై నూలు పొర మీద పోగులు లాగడం మొదలవుతుంది. నైలాన్ చీర మధ్యలో కలిపితే కుట్లు వదిలేస్తుంది. అన్నీ నూలువే పెట్టండి, తప్పదంటే మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది వాడండి.

కూర్చుని కుట్టే లాంగ్ ఆర్మ్

కలంకారీ, ప్యాచ్‌వర్క్, తీగల డిజైన్లు చేసేవాళ్లకు, ఇల్లు చిన్నదైనవాళ్లకు మా ఓటు దీనికే. మిషను టేబులు మీద కదలకుండా ఉంటుంది, బొంతను చేతులతో కదుపుతాం. 16–18 అంగుళాల ఖాళీ కాబట్టి మందం రజాయి చుట్ట పెట్టినా పది పైచిలుకు మిగులుతుంది. నాలుగడుగులు బై ఐదడుగుల చోటు చాలు. గోడ మూలకు పెడితే బొంత జారి కింద పడకుండా గోడే ఆపుతుంది. ఫ్రేముతో పోలిస్తే ధర కూడా చాలావరకు తక్కువ.

లోపం: పొరలను ముందే పిన్నీసులతోనో కచ్చా కుట్టుతోనో కట్టుకోవాలి. డబుల్ బొంతకు అరచేయి వెడల్పుకొకటి చొప్పున పెడితే వందల కొద్దీ పిన్నీసులు. ఇంకోటి, కుట్టు పొడవు మన చేతి వేగం మీద, కాలి వేగం మీద ఆధారపడుతుంది. చేయి ఆగి కాలు తొక్కితే చీమల బారులా చిన్న కుట్లు, చేయి దూకితే అరంగుళం కుట్లు. 20–25 గంటల సాధనతో కుదురుతుంది. స్టిచ్ రెగ్యులేటర్, అంటే చేతి వేగం మారినా కుట్టు పొడవు మారనివ్వని పరికరం, ఉన్న కూర్చునే రకాలూ ఉన్నాయి. డబ్బు మిగిలితే అదనపు అంగుళాల మీద కాదు, దీని మీద పెట్టండి.

తొమ్మిది అంగుళాల చిన్న మిషన్లు ఈ వర్గానికి తమ్ముళ్లు. నిమిషానికి 1500–1600 కుట్లు, తిన్నటి కుట్టు ఒక్కటే. ఇంటి బట్టలూ కుట్టుకోవాలి, పడకగది బొంతలూ చేయాలి అనేవాళ్లకు మధ్యేమార్గం. సింగిల్ బొంత దాకా సుఖం, డబుల్ అయితే భుజాలు నొప్పి.

ఫ్రేము మీద లాంగ్ ఆర్మ్

ఇక్కడ బొంత బిగించి ఉంటుంది, మిషను చక్రాల మీద కదులుతుంది. పిన్నీసుల పని లేదు. మూడు పొరలూ మూడు పైపులకు ఎక్కించి తిప్పుకోవడమే. స్టిచ్ రెగ్యులేటర్‌తో అంగుళానికి పదో పన్నెండో అని పెడితే చేయి నెమ్మదించినా వేగం పెంచినా కుట్టు పొడవు మారదు. రెగ్యులేటర్ లేని ఫ్రేము మిషను ఎంత చవకగా వచ్చినా వద్దు.

ధర సంగతి. అమెరికాలో ఫ్రేముతో కలిపి మొదటి మెట్టు మిషనే ఐదు వేల డాలర్లకు అటూఇటూ. ఓడ కిరాయి, సుంకం, జీఎస్టీ కలిపి మన గుమ్మం దాకా ఎంతవుతుందో అమ్మేవాళ్ల చేత కాగితం మీద రాయించుకోండి. ఉత్త మిషను ధర విని సంబరపడొద్దు.

ఒక లెక్క వేసి చూద్దాం. డబుల్ బొంత 90×100 అంగుళాలంటే 62.5 చదరపు అడుగులు. లాంగ్ ఆర్మ్ ఉన్నవాళ్లు కుట్టిచ్చినందుకు చదరపు అడుక్కి 30 రూపాయలు అడిగారనుకోండి, బొంతకు 1,875. ఐదు లక్షల మిషను ఖర్చు రాబట్టడానికి 267 బొంతలు కుట్టాలి. నెలకు రెండైతే 11 ఏళ్లు. నెలకు పదైతే రెండేళ్ల మూడు నెలలు. 28 వేల పవర్ మిషనుకు అదే లెక్కన 15 బొంతలు చాలు. మీకు చెప్పిన రేటు, మీ నెలవారీ సంఖ్య ఇందులో పెట్టి చూసుకోండి. నెలకు ఐదారు ఆర్డర్లు ఖాయంగా లేనివాళ్లు పైపొర తయారుచేసుకుని కుట్టుపనికి బయటికివ్వడమే లాభం.

ఇక చోటు. 90 అంగుళాల బొంతకు అడుగుపొర ఇరువైపులా నాలుగేసి అంగుళాలు ఎక్కువుండాలి, అంటే 98. మిషను హెడ్ పక్కకు జరగడానికి ఇంకో అడుగున్నర. పదడుగుల ఫ్రేము తప్పదు. మన అద్దె ఇళ్లలో పది బై పన్నెండు గదిలో అది పడుతుంది గానీ, ముందు నిలబడి కుట్టాలి, వెనక నిలబడి డిజైన్ కాగితం మీద గీత వెంట నడవాలి, అంటే రెండువైపులా రెండున్నర అడుగుల దారి కావాలి. మంచం, బీరువా బయటికే. కొనేముందు నేల మీద సుద్దముక్కతో కొలత గీసి, దాని చుట్టూ తిరిగి చూడండి. పైపు పొడవు అడిగి, మెట్ల మలుపులో తిరుగుతుందో లేదో అదీ కొలవండి.

మిద్దె మీద గది ఖాళీగా ఉందని అక్కడ పెట్టాలనుకునేవాళ్లు ఎక్కువ. రెండు సంగతులు చూడాలి. వాన నీళ్లు పోవడానికి మిద్దె నేలకు వాలు పెడతారు, ఆ నేల మీద కట్టిన గదికీ అదే వాలు ఉంటుంది. ఫ్రేము ఒకవైపు వాలితే చేయి తీసిన మరుక్షణం మిషను పల్లానికి జారిపోతుంది, తీగ గీస్తుంటే ఒకవైపు బరువుగా తగులుతుంది. స్పిరిట్ లెవెల్ పెట్టి ఫ్రేము కాళ్ల మరలు సరిచేయాలి. మిషనును నడిమధ్య వదిలితే ఉన్నచోటే నిలబడాలి, అదే పరీక్ష. రెండోది రేకుల కప్పు. మే నెల ఎండకు ఆ గదిలో మనిషీ నిలవలేడు, మోటారు కంట్రోల్ బాక్సూ నిలవదు. అట్లాగని కింది గదిలో నేల మీద వాడింగ్ రోళ్లు పెట్టొద్దు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్లు ఎలా పారాయో చూశాం. ఆ నెలల్లో హుక్ (కింద దారాన్ని పట్టే కొక్కెం), సూది పలక తుప్పు పట్టకుండా పని అయిన ప్రతిసారీ నూనె గుడ్డతో తుడిచి కప్పిపెట్టాలి.

కరెంటు

అమెరికాలో ఉన్న బంధువులు వాడిన మిషను పంపిస్తామంటే ముందు వెనకనున్న రేకు ఫొటో అడగండి. 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ప్లగ్గు మారిస్తే చాలు. 120 వోల్టులు అని మాత్రమే ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అది వోల్టేజిని తగ్గిస్తుంది గానీ 50 హెర్ట్జ్‌ను 60 చేయదు, కాబట్టి మన కరెంటుకు పనికొస్తుందో లేదో తయారీదారు నుంచే తెలుసుకోండి. హెడ్ 23 కిలోల విమానం పెట్టెలో పట్టినా ఫ్రేము పట్టదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఫ్రేము లేకుండా హెడ్ పనికిరాదు.

సర్వో బాక్సులు, రెగ్యులేటర్ బోర్డులు మామూలుగా పోయేది వోల్టేజి హెచ్చుతగ్గులకే. స్టెబిలైజర్, సరైన ఎర్తింగ్ పెట్టండి. ఇన్వర్టర్ మీద నడపాలంటే స్వచ్ఛమైన సైన్ వేవ్ రకమే వాడాలి. మిషను ముట్టుకుంటే జివ్వుమంటే వెంటనే ఆపేయండి, చాలావరకు అది ఎర్తు లేకపోవడమే. ప్లగ్గు పాయింటూ మిషనూ రెండూ చూపించుకోండి.

కొనేముందు గుడ్డ తీసుకెళ్లి కుట్టించి చూడండి

దుకాణం వాళ్ల పలుచటి గుడ్డ మీద ఏ మిషనైనా ముత్యాల్లా కుడుతుంది. మీ బొంతలో వాడే పొరలతోనే 18 అంగుళాల చదరం ఒకటి, మధ్యలో ఒక అతుకుతో సహా, చేసుకుని తీసుకెళ్లండి. తిన్నగా ఒక గీత. గడియారం తిరిగే దిక్కున ఒక చుట్టు, వ్యతిరేక దిక్కున ఒక చుట్టు. అంగుళం ముందుకూ వెనక్కూ పదిసార్లు. అతుకు మీదుగా అడ్డంగా రెండుసార్లు. తర్వాత తిరగేసి వెనకవైపే చూడండి.

వంపుల దగ్గర వెనకవైపు పై దారం కనురెప్ప వెంట్రుకల్లా లేచి, కింది దారం తీగలా తిన్నగా కనబడితే పై టెన్షన్ (పై దారం బిగువు) చాలలేదు, లేదా చేయి మరీ వేగంగా తిరిగింది. ముందు బాబిన్ కేసు సరిచేయాలి. దారం కొస పట్టి కేసును వేలాడదీసి చిన్నగా కుదపండి. అంగుళమో రెండో దిగి ఆగాలి. సర్రున జారితే వదులు, కదలకపోతే బిగువు. ఆ మర పావు చుట్టు కూడా తిప్పక్కర్లేదు, గడియారం ముల్లు ఐదు నిమిషాలు జరిగినంత చాలు. ఆ తర్వాతే పై టెన్షన్ ముట్టుకోవాలి.

ఒక దిక్కున బాగుండి ఇంకో దిక్కున కుట్లు వదిలేస్తే సూది వంగుతోందన్నమాట, ఒక నంబరు లావు సూది వేయండి. అయినా వదిలేస్తే హుక్ టైమింగ్, అది మెకానిక్ పని. అన్ని దిక్కులా వదిలేస్తే ఎగిరే ఫుట్ ఎత్తు ఎక్కువైంది. ఫుట్ పూర్తిగా దిగినప్పుడు గుడ్డకూ దానికీ మధ్య విజిటింగ్ కార్డు ఒకటి దూరేంత సందు ఉండాలి. ఫ్రేము మీద అయితే బొంతను డప్పులా బిగించి ఉంటారు, అదీ కారణమే. కింది నుంచి వేలు పైకి తోస్తే, పైనుంచి ఆ వేలిని బొంతతో సహా పట్టుకోగలగాలి. అంత సడలు ఉండాలి. మధ్యలో ఉన్నట్టుండి కుట్టు పొడుగైతే రెగ్యులేటర్ చక్రం పట్టా మీద ఆనడం లేదు. దాని చుట్టూ దారం పోగు చుట్టుకుందేమో చూడండి. తొంభై పాళ్లు అదే.

దారం దగ్గర పొదుపు వద్దు. డబుల్ బొంతకు అంగుళానికో గీత చొప్పున వేస్తే మొత్తం గీత పొడవు 228 మీటర్లు. కిందా పైనా కలిపి 600 మీటర్ల పైన దారం పడుతుంది. నూగు రాలే చవక రీలుతో అంత కుడితే షటిల్‌లో దూది పేరుకుని దారం తెగుతూనే ఉంటుంది. మంచి పాలిస్టర్ దారం వాడి, బాబిన్ మార్చిన ప్రతిసారీ బ్రష్‌తో నూగు తీయండి. బాబిన్ సైజు కూడా అడగండి. ఎం రకం బాబిన్ పవర్ మిషనులో వాడే ఎల్ రకం కంటే దాదాపు రెట్టింపు దారం పడుతుంది, అంటే గీత మధ్యలో ఆగడం సగమవుతుంది.

వాడిన మిషనైతే సూది కడ్డీని పట్టి పక్కలకు ఊపి చూడండి, ఆడకూడదు. హుక్ మొన మీద గోరు పెట్టి నడిపితే గీత తగలకూడదు. కుట్లు లెక్కపెట్టే మీటరు ఉంటే అంకె రాసుకోండి. బాబిన్ కేసులు రెండు, హుక్ ఒకటి, ఫుట్ ఒకటి విడిగా ఇప్పించుకోండి. పవర్ మిషనుకు మెకానిక్ మన ఊళ్లోనే దొరుకుతాడు. లాంగ్ ఆర్మ్‌కు చెన్నై నుంచో బెంగళూరు నుంచో రావాల్సి ఉంటుంది. తిరుపతికి చెన్నై 135 కిలోమీటర్లు, బెంగళూరు 250. రానూపోనూ ఖర్చు ఎవరిదో, ఏడాదికి ఎన్నిసార్లు వస్తారో బిల్లు మీదే రాయించండి.

తమిళనాడు నుంచి లారీలో తెప్పిస్తుంటే చిరునామా ఫోనులో చెప్పి వదిలేయకండి. మిషన్ల వ్యాపారం నోట తిరుప్పూరు పేరే ఎక్కువ నలుగుతుంది, తిరుపతి అన్నా వాళ్ల చెవికి అదే వినబడుతుంది. పార్సిల్ మీద తిరుప్పూరు పిన్‌కోడు 641601 కాకుండా తిరుపతిది, 517501, పడిందో లేదో రసీదు ఫొటో తెప్పించుకుని చూసుకోండి.